కాలేజీ గేటు నుంచి ఆటో స్టాండు దాకా ఏడు మందు షాపులు: చాందా, బల్లార్షా, రాజూరా వాళ్ళు కాస్త చెప్పండి

రాజూరా అమ్మ:

అందరికీ నమస్కారం. మా పాప మహారాష్ట్రలోని చాందాలో (చంద్రపూర్) బీఎస్సీ రెండో ఏడు చదువుతోంది. రోజూ రాజూరా నుంచి బస్సులో వెళ్ళి వస్తుంది. వారంలో మూడు రోజులు ప్రాక్టికల్స్ అయ్యేసరికి సాయంత్రం ఐదున్నర దాటుతుంది. చలికాలం కదా, గేటు బయటికి వచ్చేసరికే మసక పడుతోంది. అక్కణ్ణుంచి ఆటో స్టాండుకి పది నిమిషాల నడక.

పోయిన నెల ఒక శుక్రవారం ఇంటికొచ్చి బ్యాగు కింద పెట్టి ఏమీ మాట్లాడలేదు. చూస్తే చున్నీ సగానికి చిరిగి ఉంది. బైకు మీద ఇద్దరు వెనక నుంచి వచ్చి పట్టి లాగారట. చున్నీ చిరగబట్టి సరిపోయింది, లేకపోతే బైకుతో పాటు ఈడ్చుకుపోయేవాళ్ళు. ఠాణాలో చెప్పుకోవడానికి వెళ్తే అక్కడున్న ఆయన "ఆ దారిన ఎందుకు పంపుతారమ్మా" అన్నాడు. ఆటో స్టాండుకి ఇంకో దారి లేదు.

మర్నాడు నేనే వెళ్ళి ఆ రోడ్డు నడిచాను. రెండు వైన్ షాపులు, ఒక దేశీ మద్యం దుకాణం, నాలుగు బీర్ బార్లు. మొత్తం ఏడు. వాటి మధ్య ఉడకబెట్టిన గుడ్ల బండి, పల్లీలూ ప్లాస్టిక్ గ్లాసులూ అమ్మే డబ్బా, మూతపడిన ఒక షెడ్డు. ఆ షెడ్డు అరుగు మీదే తాగుడంతా. పాప గేటు బయటికి వచ్చింది. నేనున్న సంగతి తనకి తెలియదు, కొంచెం దూరంగా వెనక నడిచాను. స్కార్ఫు కళ్ళ దాకా బిగించి కట్టుకుంది. ఫోను చెవికి పెట్టుకుని "ఆఁ నాన్నా, వచ్చేశా, ఇక్కడే ఉన్నా" అంటూ గబగబా నడుస్తోంది. ఆటో స్టాండు దగ్గర పిలిచి, నాన్నకి నేను కూడా వచ్చానని చెప్పావా అని అడిగాను. ఫోను చూపించింది. చార్జింగు అయిపోయి ఎప్పుడో ఆగిపోయింది.

షాపులు ఇలా ఒకచోట గుంపుగా ఉండటానికీ ఇలాంటి నేరాలకీ సంబంధం ఉందని ఎక్కడైనా రుజువైందా? ఊరికే మొత్తుకుంటే ఎవరూ వినరు, చేతిలో ఏదో ఒకటి ఉండాలి. తెలిసినవాళ్ళు చెప్పండి.

బల్లార్షా మిల్లు కాలనీ:

అక్కా, చదువుతుంటే కడుపులో తిప్పేసింది. పాప ఎలా ఉంది ఇప్పుడు?

కానీ ఒక మాట చెప్పాలి. షాపులు మూయిస్తే అంతా బాగుపడుతుందని మాత్రం అనుకోకండి. మన జిల్లా ఇది చూసేసింది. 2015 ఏప్రిల్ 1 నుంచి దారుబందీ, అంటే మద్య నిషేధం, పెట్టారు, 2021 మే నెలలో ఎత్తేశారు. ఆ ఆరేళ్ళూ మా కాలనీలో సీసా దొరకని రోజు లేదు. పక్క జిల్లా వణీ వైపు నుంచి వచ్చేది, లక్కడ్‌కోట్ దాటి తెలంగాణ నుంచి వచ్చేది, స్కూటీ డిక్కీలో వచ్చేది. పదో తరగతి తప్పిన పిల్లలు డెలివరీ చేసేవాళ్ళు. షాపు ఉంటే కనీసం ఎక్కడుందో తెలుస్తుంది.

సిరొంచ ఒడ్డు:

మాది సిరొంచ. గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచే దారుబందీ. మా దగ్గర బోర్డు పెట్టిన షాపు ఒక్కటి కూడా లేదు. అయినా వంతెన దాటితే కాళేశ్వరం, అక్కడ కావలసినంత. ఊళ్ళో ఇప్పసారా ఉండనే ఉంది.

అయినా మిల్లు కాలనీ అన్నతో పూర్తిగా ఏకీభవించను. మా చెల్లె ఇక్కడే జూనియర్ కాలేజీకి పోయింది, నేను చాందాలో డిగ్రీ చేశాను. ఇక్కడ తాగేవాడు నది దాటి పోయి తాగుతాడు, లేదంటే చాటుగా ఏ ఇంటి వెనకో తాగుతాడు. కాలేజీ పిల్లలు నడిచే రోడ్డు మీద ముప్పై మంది ఒకేసారి తాగి నిలబడటం నేను సిరొంచలో చూడలేదు. మందు దొరకడం ఒకటి, మందు తాగినవాళ్ళ గుంపు ఒకే చోట ఉండటం ఇంకొకటి. అక్క అడిగింది రెండోదాని గురించి అని నాకు అర్థమైంది.

లెక్కల మాస్టారు:

సిరొంచ తమ్ముడు సరైన చోట పట్టుకున్నాడు. దీన్నే పరిశోధకులు షాపుల సాంద్రత అంటారు. ఊళ్ళో మందు ఉందా లేదా అన్నది కాదు, ఒక చిన్న ప్రాంతంలో, ఒక రోడ్డు ముక్క మీద ఎన్ని షాపులున్నాయన్నది లెక్క. దీని మీద అమెరికాలో, ఆస్ట్రేలియాలో ముప్పై ఏళ్ళుగా పని జరుగుతోంది. నాకు తెలిసినంత చెప్తాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

1995లో లాస్ ఏంజిలిస్ కౌంటీలోని నగరాల మీద స్క్రిబ్నర్ బృందం చేసిన అధ్యయనం అచ్చైంది. పేదరికం, జనాభా తీరు, నిరుద్యోగం లాంటివన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా, యాభై వేల జనాభా ఉన్న ఊళ్ళో ఒక్కో అదనపు మందు షాపుకి ఏడాదికి 3.4 దాడి కేసులు ఎక్కువగా కనిపించాయి.  తర్వాత 1998లో గోర్మన్ బృందం న్యూజెర్సీ ఊళ్ళ మీద అదే పద్ధతిలో లెక్క వేస్తే సంబంధమే కనిపించలేదు. ఇక్కడ ఆగిపోతే మిల్లు కాలనీ బాబాయిదే గెలుపు. కానీ అదే న్యూజెర్సీలో నెవార్క్ అనే ఒక్క నగరాన్ని తీసుకుని, పేటపేటగా, ఇంకా చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి చూస్తే సంబంధం గట్టిగా బయటపడింది.

నాకు ఇందులో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇదే. ఊరి మొత్తానికి సగటు తీస్తే ఆ రోడ్డు కనపడదు. చాందా మొత్తానికి ఎన్ని షాపులు, ఎన్ని కేసులు అని అడిగితే అక్క పాప నడిచే పది నిమిషాలు ఆ సగటులో మునిగిపోతాయి. జిల్లా లెక్క పట్టుకుని ఎవరైనా మాట్లాడితే రోడ్డు లెక్క అడగండి.

ఇక కాలేజీల సంగతి. 2003లో వైట్జ్‌మన్ బృందం ఎనిమిది కాలేజీల చుట్టుపక్కల షాపులను పటంలో గుర్తించి చూసింది. చుట్టూ షాపులు దట్టంగా ఉన్నచోట విద్యార్థుల్లో విపరీతంగా తాగడం, తాగుడు వల్ల వచ్చే గొడవలు ఎక్కువగా ఉన్నాయి. అంతకుముందు తాగుడు అలవాటు లేని పిల్లల మీద కూడా ఆ ప్రభావం కనిపించింది. అంటే అది బయటివాళ్ళ సమస్య మాత్రమే కాదు, మన పిల్లల్ని కూడా లాక్కుంటుంది.

బల్లార్షా మిల్లు కాలనీ:

మాస్టారూ, షాపు వల్ల నేరమా, నేరం జరిగే చోటికే షాపు వస్తుందా? బస్టాండు పక్కన, అద్దె తక్కువ ఉన్నచోట, కూలీలు దిగేచోట షాపు పెడతారు. అలాంటి చోట జేబుదొంగలు కూడా ఉంటారు. షాపు లేకపోయినా ఉంటారు.

లెక్కల మాస్టారు:

న్యాయమైన ప్రశ్న బాబాయ్. అందుకే ఒకసారి ఫొటో తీసినట్టు చూసే అధ్యయనాలను పూర్తిగా నమ్మకూడదు. ఏదైనా మారినప్పుడు ముందు, తర్వాత చూడాలి. ఆస్ట్రేలియాలో న్యూకాజిల్ అని ఒక ఊరుంది. 2008లో అక్కడి నడిబొడ్డున ఉన్న బార్లను తెల్లవారుజామున ఐదింటికి కాకుండా మూడూ మూడున్నరకే మూయాలన్నారు. షాపులు అవే, తాగేవాళ్ళు వాళ్ళే, పక్కనే ఉన్న ఇంకో పేటలో పాత వేళలే. మార్చిన చోట రాత్రి దాడులు మూడో వంతుకు పైగా తగ్గాయి, పక్క పేటలో తగ్గలేదు. బ్రెజిల్‌లో దియాదేమా అనే ఊళ్ళో 2002లో రాత్రి పదకొండుకి అమ్మకాలు ఆపేశారు, హత్యలు బాగా తగ్గాయి. ఇవి షాపుల సంఖ్య గురించి కాదు, వేళల గురించి. కానీ మందు అందుబాటులో ఉండే తీరు మారితే నేరం మారుతుందని వీటిలో కనిపిస్తుంది.

దారుబందీ లెక్కలతో కూడా జాగ్రత్త. నిషేధం ఉన్నప్పుడు బ్యాగులో సీసా దొరికినా కేసే. ఒక్క ఆడపిల్లను కొత్తగా ఏడిపించకపోయినా ఠాణాలో కేసుల సంఖ్య పెరుగుతుంది. "దారుబందీలో నేరాలు పెరిగాయి" అని ఎవరైనా అంటే, ఏ సెక్షన్ కింద అని అడగండి.

వణీ రోడ్డు:

నేను బార్‌లో ఆరేళ్ళు పనిచేశాను. మొదట గ్లాసులు కడిగాను, తర్వాత కౌంటర్. ఇప్పుడు మానేసి టైర్ల షాపులో ఉన్నాను. నా అనుభవం చెప్తాను.

బార్ లోపల గొడవలు తక్కువ. మేముంటాం, ఓనరు ఉంటాడు, బిల్లు కట్టాలి, లైట్లుంటాయి. గొడవ షట్టరు దించాకే. ఒక్క బార్ ఉంటే ఇరవై మంది బయటికి వస్తారు, పది నిమిషాల్లో చెల్లాచెదురైపోతారు. నాలుగు బార్లు వరుసగా ఉంటే నాలుగూ ఒకే టైముకి మూస్తారు. ఎనభై మంది ఒకే రోడ్డు మీద, ఆటోలు ఐదు. ఆ ఆటోల కోసం తోసుకోవడం దగ్గర మొదలవుతుంది. ఒక బార్‌లో వద్దని పంపేసినవాడు పక్క బార్‌కి పోతాడు, అక్కడా వద్దంటే వైన్ షాపులో క్వార్టర్ కొని అరుగు మీద కూర్చుంటాడు. వాడే రాత్రికి అందరికంటే ప్రమాదం. ఒక్క షాపే ఉంటే వాడు ఇంటికి పోయేవాడు.

ఇంకొకటి. వైన్ షాపుల్లో మందు ధర ఎక్కడైనా ఎమ్మార్పీయే. మరి షాపులు పక్కపక్కన ఉంటే పోటీ ఎందులో పడాలి? అప్పు ఇవ్వడంలో, టైము అయ్యాక వెనక తలుపు తీయడంలో, వయసు అడగకపోవడంలో. కాలేజీ బ్యాగు వేసుకుని వచ్చినవాడికి "వద్దు, పో" అని ఒకసారి అన్నాను. పక్క బార్‌కి పోయాడు. ఓనరు నన్ను తిట్టాడు. ఆ తర్వాత ఎవర్నీ అడగలేదు. ఆ మాట చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

హాస్టల్ 14:

అన్నా, మీరు చెప్పింది నిజం. నాకు 20. మహారాష్ట్రలో బీరుకి 21, విస్కీ లాంటి వాటికి 25 ఉండాలని నాకు పోయిన వారమే తెలిసింది. రెండేళ్ళలో ఒక్క షాపులో కూడా నన్ను అడగలేదు.

ఆడపిల్లల గురించే మాట్లాడుతున్నారు, అది సరే. అబ్బాయిల సంగతి కూడా చెప్తాను. నా రూమ్మేట్ పోయిన మార్చిలో పరీక్షలైన రోజు అక్కడే తాగి, ఫోను చూసుకుంటూ నడిచి వస్తుంటే ఇద్దరు పట్టుకున్నారు. ఫోను, పర్సు పోయాయి. కనుబొమ్మ పైన ఆరు కుట్లు. తాగి ఉన్నాను కదా, ఇంట్లో తెలిసిపోతుందని కంప్లయింట్ ఇవ్వలేదు. నేనే వాడి బట్టలు ఉతికాను, రక్తం పోలేదు. ఇలాంటివి మా హాస్టల్లోనే నాకు తెలిసి నాలుగైదు ఉన్నాయి. ఒక్కటీ కేసు కాలేదు.

రాజూరా అమ్మ:

బాబూ, నీ రూమ్మేట్ ఇప్పుడు బాగున్నాడా? ఇంట్లో చెప్పమను. అమ్మ తిడుతుంది, తర్వాత కుట్లు చూసి ఏడుస్తుంది, అంతే.

మా పాపది కూడా కేసు కాలేదు. ఈ లెక్కన మన రోడ్డు మీద ఏమీ జరగనట్టే కదా మాస్టారూ?

లెక్కల మాస్టారు:

అవునమ్మా, కాగితం మీద ఏమీ జరగలేదు. అమెరికాలో 1986లో జీన్ క్లెరీ అనే అమ్మాయిని లీహై యూనివర్సిటీ హాస్టల్ గదిలోనే హత్య చేశారు. వాళ్ళ అమ్మానాన్నలు పట్టుబట్టి పోరాడాక 1990లో చట్టం వచ్చింది. కాలేజీలు క్యాంపస్‌లోనూ దాన్ని ఆనుకుని ఉన్న రోడ్ల మీదా జరిగిన నేరాల లెక్క ఏటా బయటపెట్టాలి. అక్కడి కాలేజీల లెక్క అలా బయటికి వచ్చింది. మన ఠాణా రిజిస్టరు ఊరంతటిదీ కలిపి ఉంటుంది. మన రోడ్డు లెక్క మనమే రాసుకోవాలి.

ఎందుకు జరుగుతుందన్నది కూడా ఒక ముక్క. 1979లో కోహెన్, ఫెల్సన్ అనే ఇద్దరు చెప్పిన సంగతి ఇది. నేరానికి మూడు ఒకే చోట, ఒకే వేళ కలవాలి: చేసేవాడు, వాడికి సులువుగా దొరికే మనిషి, అడ్డుకునేవాడు లేకపోవడం. షాపుల గుంపు మొదటివాణ్ణి తెస్తుంది. కాలేజీ గేటు రెండోదాన్ని తెస్తుంది. వెలగని దీపస్తంభం మూడోది. ఈ మూడింట్లో ఏ ఒక్కటి విడగొట్టినా చాలు.

గడ్‌చాందూర్ వకీలు:

ఆలస్యంగా చూశాను. చట్టం వైపు నుంచి చెప్తాను.

మహారాష్ట్రలో బడికీ, కాలేజీకీ, గుడికీ షాపుకీ మధ్య 75 మీటర్ల దూరం ఉండాలన్నది నియమం. ఆ ఏడు షాపుల్లో ఒక్కటి కూడా ఈ నియమాన్ని ఉల్లంఘించి ఉండకపోవచ్చు. ఇక్కడే చట్టంలో ఉన్న లోటు. కొలత ఒక్కో షాపుకి విడివిడిగా. 76వ మీటరు నుంచి వరుసగా ఏడు పెట్టినా ఆ కొలతకి ఒకటే. గేటుకి రక్షణ ఉంది, పిల్లలు నడిచే దారికి లేదు. సుప్రీంకోర్టు 2016 డిసెంబరులో హైవేల పక్కన 500 మీటర్ల లోపు షాపులు వద్దంది కదా, అది కూడా దూరమే, సాంద్రత కాదు. తర్వాత చిన్న ఊళ్ళకి 220 మీటర్లకి తగ్గించారు, పట్టణాల లోపలి రోడ్లకి సడలింపు ఇచ్చారు. అప్పుడు హైవే మీది షాపులు కొన్ని లోపలి వీధుల్లోకి జరగడం మనందరం చూశాం.

మీ చేతిలో ఉన్నవి రెండు. మొదటిది, కాలేజీ ఆవరణలో అకరావీ, బారావీ (పదకొండు, పన్నెండు తరగతులు) ఉన్నాయా? ఉంటే అక్కడ పదహారు, పదిహేడేళ్ళ పిల్లలున్నారు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 77వ సెక్షన్ ప్రకారం పద్దెనిమిది నిండని పిల్లలకి మందు ఇస్తే ఏడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. ఎక్సైజ్ ఫిర్యాదు కంటే దీనికి బరువెక్కువ.

రెండోది, మీరు వినే ఉంటారు, ఉభీ బాట్లీ, ఆడవీ బాట్లీ. నిలువు సీసా, అడ్డం సీసా. 2008 నాటి ఉత్తర్వు ఇది. వార్డులోని మహిళా ఓటర్లలో పావు వంతు మంది సంతకం పెట్టి అర్జీ ఇస్తే సంతకాలు సరిచూసి రహస్య ఓటింగు పెడతారు. షాపు వద్దనేవాళ్ళు అడ్డంగా పడుకోబెట్టిన సీసా గుర్తుకి వేస్తారు. మన వైపు తెలుగు ఆడవాళ్ళలో చాలామంది పేర్లు ఓటరు జాబితాలో ఊరి దగ్గరే ఉండిపోయాయి. అది ముందు చూసుకోండి. తాజా నియమాలు ఎక్సైజ్ ఆఫీసులో అడిగి రాసి తెచ్చుకోండి. పాత కాగితం పట్టుకుపోతే అక్కడే తిప్పి పంపుతారు.

బల్లార్షా మిల్లు కాలనీ:

వకీలు గారూ, ఏడూ మూయించాలా? అందులో ఒక దేశీ దుకాణం ముందు మా మిల్లు కూలీలు కూడా ఉంటారు. పగలంతా బరువు మోసినవాళ్ళు. వాళ్ళు ఎవరి చున్నీ లాగలేదు. వాళ్ళని తాగుబోతులని తరిమితే నాకు బాధ.

రాజూరా అమ్మ:

బాబాయ్ గారూ, మా నాన్న గని కార్మికుడు. ఆయనా తాగేవాడు. ఆయన్ని ఎవరైనా తరిమితే నేను ఊరుకునేదాన్ని కాదు. ఏడూ మూయించాలని నేను అడగడం లేదు. ఒకే రోడ్డు మీద ఏడు వద్దంటున్నాను. ఆ అరుగు మీద తాగనివ్వద్దంటున్నాను. సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా ఆ రోడ్డు పిల్లలది.

బల్లార్షా మిల్లు కాలనీ:

అలాగైతే నేను మీతో ఉన్నాను అక్కా. ఆ షెడ్డు ఎవరిదో కనుక్కుంటాను.

వణీ రోడ్డు:

అరుగు సంగతి ముందు చూడండి. వైన్ షాపులో కొన్నవాడు అక్కడే తాగకూడదు, ఇంటికి పట్టుకుపోవాలి. ఆ అరుగు మూస్తే సగం గుంపు పోతుంది.

లెక్కల మాస్టారు:

నిజమే, కానీ ఒకటి గుర్తుపెట్టుకుందాం. మెల్‌బోర్న్‌లో లివింగ్‌స్టన్ అనే పరిశోధకుడు ఏళ్ళ తరబడి లెక్కలు చూసి, ఇంటికి పట్టుకుపోయే మందు అమ్మే షాపులు పెరిగినచోట ఇళ్ళలో ఆడవాళ్ళ మీద దెబ్బలు పెరిగాయని తేల్చాడు. రోడ్డు మీది గుంపుని ఇంటికి పంపితే రోడ్డు బాగుపడుతుంది, ఇంటి సంగతి అలాగే ఉంటుంది. అందుకే షాపుల సంఖ్య తగ్గాలని కూడా అడగాలి. అరుగు ఒక్కటే సరిపోదు.

రాజూరా అమ్మ:

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. హాస్టల్ బాబు, వాడి రూమ్మేట్, మా పాప, ఇంకో నలుగురు అమ్మలు కలిసి రోజూ ఒక నోట్‌బుక్‌లో రాశాం. ఏ వేళకి, ఏ షాపు ముందు, ఎంతమంది, దీపం వెలిగిందా లేదా, ఎవరైనా ఏమైనా అన్నారా. పేర్లు రాయలేదు. పద్దెనిమిది రోజుల్లో పిల్లలు మా దగ్గరికి వచ్చి చెప్పినవి పదకొండు. ఆ పదకొండులో తొమ్మిది షెడ్డుకీ రెండో వైన్ షాపుకీ మధ్య, ఆరు గంటల నుంచి ఏడు లోపల. అంటే ముప్పై అడుగుల రోడ్డు, ఒక్క గంట. నేను రోడ్డంతా భయం అనుకున్నాను. అది అంత చిన్నదని రాసుకున్నాకే తెలిసింది.

నోట్‌బుక్ జిరాక్స్ తీసి ప్రిన్సిపాల్ గారికి ఇచ్చాం. ప్రాక్టికల్స్ ముప్పావుగంట ముందుకి జరిపారు. ఆడవాళ్ళ రక్షణకి ఉన్న పోలీసు దళం దామినీ పథక్ వాళ్ళకి కూడా ఒక కాపీ ఇచ్చాం, రెండు సాయంత్రాలు వచ్చారు. మూడో రోజు రాలేదు. మున్సిపాలిటీలో రెండు స్తంభాలకి దీపాలు పెట్టారు, ఒకటి వెలుగుతోంది. షెడ్డు యజమానిని మిల్లు కాలనీ బాబాయి పట్టుకొచ్చారు, గొలుసు కట్టిస్తానన్నాడు, ఇంకా కట్టలేదు. సంతకాలు 140 అయ్యాయి. వకీలు గారి లెక్క ప్రకారం ఇంకా చాలా కావాలి.

రేపు శనివారం సాయంత్రం ఐదింటికి గేటు దగ్గర కలుస్తున్నాం. ఓటరు జాబితా తెస్తున్నాను. మరాఠీ చదవగలిగినవాళ్ళు ఇద్దరు కావాలి.

హాస్టల్ 14:

నేనూ, రూమ్మేట్ వస్తున్నాం ఆంటీ. వాడికి మరాఠీ బాగా వచ్చు. ఇంట్లో చెప్పేశాడు కూడా.

సిరొంచ ఒడ్డు:

మా చెల్లె చాందాలోనే ఉంది, ఆమెను పంపుతున్నా. వెలగని స్తంభం నంబరు రాసి పెట్టండి అక్కా, సోమవారం నేను ఫోన్ చేస్తాను.